చివరి దెబ్బ మా ఇంటిది

ఆ కుర్రాడు నా గదిలో మొదటిసారి నోరు విప్పిన రోజు అతని పిడికిలి మీద ఎవరిదో రక్తం ఎండిపోయి ఉంది.

ముంబై కామాఠిపురాలో మా తాత కట్టించిన చాల్‌లో, ఆ వరస గదుల ఇంట్లో, నాకు మిగిలింది ఆ ఒక్క గదే. మిగతావి మా నాన్న కొన్ని, మా తమ్ముడు కొన్ని వదిలేశారు. పోయినవాటి గురించి నేను మాట్లాడను. ఉన్న గదిలో తాత కూర్చున్న టేకు కుర్చీ ఉంది. దానికి వెనక ఆనుడు ఉన్నా ఎవరూ ఆనుకోలేదు, నేనూ ఆనుకోను. మా తాత ముకద్దం. పాలమూరు నుంచి కూలీల ముఠాలను తెచ్చి, ఈ ఊళ్ళో రాతి కట్టడాలు లేపించినవాడు. ముసలివాళ్ళు ఇప్పటికీ నన్ను ముకద్దమోళ్ళ బిడ్డ అంటారు. పిల్లలకు మాత్రం నేను బాయిని. మున్సిపల్ బళ్ళో ఆడ టీచర్లందరినీ ఇక్కడ అలాగే పిలుస్తారు.

రిటైరయ్యాక ఆదివారం పొద్దున్న పన్నెండో తరగతి పిల్లలను గదిలో కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాను. పాఠాలు చెప్పడానికి కాదు. పన్నెండు అయిపోయాక ఈ పిల్లలు ఏమవుతున్నారో ముప్పై ఏళ్ళు చూశాను. చదువు ఎక్కడ ఆగితే అక్కడ ఎవరో ఒకరు చేయి పట్టుకుని లాక్కుపోతారు. ఏం కావాలనుకుంటున్నావని అడిగితే డాక్టరనో ఇంజనీరనో బళ్ళో నేర్పిన మాట అప్పజెబుతారు. అందుకని నేను వేరే ప్రశ్న వేస్తాను. ఈ వారం నీ చేతులు ఏం చేశాయి? అబద్ధం ఆడకుండా, గోడకు ఆనకుండా, లేచి నిలబడి చెప్పాలి.

ఒక అమ్మాయి అట్టల మీద బొట్టుబిళ్ళలు అంటించానంది. నాగ్‌పాడాలో ఫోన్ల దుకాణంలో పని చేసే పిల్లవాడు పగిలిన అద్దాలు మార్చానన్నాడు. తర్వాత ఇతని వంతు. కింది అంతస్తులో నాయనమ్మతో, తల్లితో ఉంటాడు. తండ్రి పరంజా మీది నుంచి పడి చనిపోయినప్పటి నుంచి మేనమామే ఆ ఇంటిని చూసుకుంటున్నాడు. అందరికన్నా పొడుగు, భుజాలు గుమ్మానికి సరిపోతాయి.

“కొట్టినయ్ బాయి,” అన్నాడు.

ఎవరినని అడిగాను.

“మామ ఎవర్ని చూపిస్తే వాళ్ళని.”

ఫోన్ల దుకాణం పిల్లవాడు నవ్వాడు. “వీనికి బారావీ క్లాస్ కాకముందే నౌకరీ దొరికింది బాయి. పర్మనెంట్.”

నవ్వినవాడి మెడ పట్టుకోవడానికి ఇతను ఒక్క అడుగు వేశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. కూర్చో అన్నాను. కూర్చున్నాడు. ఆ కూర్చున్న తీరు చూసి అనుకున్నాను, ఎవరైనా ఆపితే ఆగగలడు, ఆపేవాళ్ళు లేరు అని.

అతని మేనమామ మా తాత చేసిన పనే చేస్తాడు. పాలమూరు నుంచి మనుషులను తెచ్చి కడుతున్న బిల్డింగులకు పంపుతాడు. మా తమ్ముడు వదిలేసిన గదులు తీసుకుని, వాటికి అటకలు వేయించి, ఆ అటకల మీద వాళ్ళను పడుకోబెడతాడు. పనికి రానన్నవాడిని, మధ్యలో ఊరికి పోతానన్నవాడిని దారికి తేవడానికి మేనల్లుణ్ణి పంపుతాడు. నా గది పైకప్పు మీద మనిషి పడిన చప్పుడు, తర్వాత ఈడ్చిన చప్పుడు నాకు అలవాటే. పైన ఏదైనా పగిలినప్పుడు మా పైకప్పు సున్నం రాలి కుర్చీ మీద పడుతుంది. నేను తుడుచుకుంటాను.

ఆ ఏడాది అంతా ఆదివారాలు అతన్ని కదిలిస్తూనే ఉన్నాను. కొట్టడం తీసేస్తే నీలో ఏం మిగిలింది అని అడిగాను. మొదట్లో ఏమీ లేదన్నాడు. తర్వాత తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఎత్తు అంటే భయం లేదు. నిద్ర లేకుండా ఉండగలడు. బరువు ఎత్తేటప్పుడు పక్కవాడి ఊపిరితో కలిపి ఎత్తడం తెలుసు, తండ్రి నేర్పాడట. డాక్‌యార్డు దగ్గర గోడ ఎక్కి ఓడలు చూస్తాడు. ఓడల్లో ఏం చూస్తావని అడిగాను.

“నీళ్ళ మీద మామ లేడు బాయి.”

అంతకన్నా మంచి కారణం నాకు ఆ ఏడు ఏ పిల్లా, ఏ పిల్లవాడూ చెప్పలేదు. నవీ ముంబైలో ఓడ పనివాళ్ళకు శిక్షణ ఇచ్చే బడికి నేనే తీసుకుపోయాను. పన్నెండు పాసవాలి, కళ్ళు బాగుండాలి, పాస్‌పోర్టు ఉండాలన్నారు. పాస్‌పోర్టుకు పోలీసులు విచారణ చేస్తారు, పేరు మీద కేసు ఉంటే ఆగిపోతుందన్నారు. తిరిగి వచ్చే లోకల్‌లో అతను తన చేతులనే చూసుకుంటూ కూర్చున్నాడు. గ్రాంట్ రోడ్‌లో దిగాక, ఇకమీద వీటిని జేబుల్లో పెట్టుకుంటానన్నాడు.

సంగతి తెలిసి మేనమామ పైకి వచ్చాడు. నేను రమ్మనలేదు కాబట్టి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆ మర్యాద అతనికి ఉంది. నవ్వుతూనే మాట్లాడాడు.

“వాణ్ని ఓడ ఎక్కిస్తవంట అక్కా. ఎక్కించు. మరి వాళ్ళమ్మను ఎవరు చూస్తరు, నువ్వా?”

చూసుకోవడానికి ఆమె అన్నవు నువ్వున్నావు కదా అన్నాను.

“మీ తాత చేసిన పనే నేను చేస్తున్న. ఆయనకేమో కుర్చీ, నాకేమో నీ కండ్లెర్ర.”

మా తాత పరాయివాడి కొడుకు చేత్తో కొట్టించలేదన్నాను. నిజమేనన్నట్టు తలూపాడు. ఆయన సొంత చేత్తోనే కొట్టేవాడట కదా అని, మెట్లు దిగుతూ పెద్దగా నవ్వాడు. కింద ఏదో అడ్డం వచ్చినట్టుంది. దాన్ని తన్నిన చప్పుడు, కుక్క అరుపు వినిపించాయి.

కుర్రాడు పాసయ్యాడు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించాను. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆషాఢం వచ్చింది.

మా గల్లీలో పోచమ్మ బోనాలకు మాకంటూ ఒక పద్ధతి ఉంది. పోతరాజు పసుపు పూసుకుని, నిమ్మకాయల దండ వేసుకుని, నారతో పేనిన కొరడా ఝళిపిస్తూ బోనాల ముందు నడుస్తాడు. జనం చేతులు చాపి దెబ్బ తీసుకుంటారు. దెబ్బతో పీడ పోతుందని నమ్మకం. అది అన్ని చోట్లా ఉన్నదే. మా దగ్గర మాత్రం చివరి దెబ్బ ముకద్దం ఇంటిది. గుడి ముందు మా ఇంటి పెద్ద చేతి మీద కొరడా పడ్డాక పోతరాజు దాన్ని కింద పెట్టెయ్యాలి, ఇక ఎత్తకూడదు. మా నాన్న ఆ చేయి చాపడం చూశాను. ఆయన తర్వాత తమ్ముడు ఊరు మారిపోతే నేను చాపుతున్నాను. ఆడమనిషి చాపుతుందా అని అడిగినవాళ్ళున్నారు. మా ఇంట్లో ఇంకెవరున్నారో చూపించమన్నాను. గదులు పోయినా ఆ చేయి పోలేదు.

పోతరాజు వేషం అతని తండ్రిది. పద్దెనిమిది నిండాయి కాబట్టి ఆ ఏడు కొడుకు వేయాలన్నారు. మేనమామ ఉత్సాహంగా బ్యాండు మాట్లాడాడు.

బోనాలకు ముందు ఆదివారం మిగతా పిల్లలు వెళ్ళిపోయినా అతను లేవలేదు. నేను అడగకుండానే నిలబడి చెప్పాడు. అటక మీద పాలమూరు మనిషి ఒకడు, పెళ్ళాం నెలలు నిండి ఉందని ఊరికి పోతానన్నాడట. మేనమామ వద్దనలేదట. ముందు చేయి ఇటు పెట్టు అన్నాడట, గుమ్మం మీద.

“తలుపు మామ వేసిండు. చెయ్యి నేను పట్టుకున్న. కదిలితే ఇంకా నలుగుతయని గట్టిగ పట్టుకున్న బాయి. వేళ్ళు ఇరిగిన చప్పుడు చెవికి రాలే. నా అరచేతిలకి వచ్చింది.”

విచారణ అయ్యేదాకా ఎలాగో ఓర్చుకోమన్నాను. పాస్‌పోర్టు చేతికి వస్తే పోతావు అన్నాను. తలూపాడు. ఆ తలూపడం నాకు నచ్చలేదు.

బోనాల రోజు మధ్యాహ్నం నుంచి వాన సన్నగా పడుతూనే ఉంది. గల్లీ రెండు వైపులా జనం. డప్పుల మోతకు కిటికీ రేకులు అదురుతున్నాయి. నేను గుడి దగ్గర నిలబడాల్సినదాన్ని, మా మెట్ల దగ్గరే నిలబడ్డాను. కుర్రాడు వచ్చాడు. వానకు పసుపు కారి రొమ్ము మీద చారలు కట్టింది. కొరడా తడిసి బరువెక్కింది. చేతులు చాపిన ముసలివాళ్ళకు తాకీ తాకనట్టు వేస్తున్నాడు, పిల్లలకు కొస మాత్రం తగిలిస్తున్నాడు. చూసినవాళ్ళు తండ్రిని తలుచుకున్నారు.

అప్పుడు మేనమామ ముందుకు వచ్చాడు. చొక్కా విప్పి, పక్కన ఫోన్లు పట్టుకున్నవాళ్ళ వైపు నవ్వుతూ రెండు చేతులూ చాపాడు.

మొదటి దెబ్బ మణికట్ల మీద పడింది. అది మామూలే. రెండోది భుజం మీద నుంచి వీపుకు చుట్టుకుంది. మూడోది ముఖం మీద. చెవి చీలి రక్తం మెడ మీదికి వచ్చింది. మేనమామ చేయి అడ్డం పెట్టబోయాడు. నాలుగోది ఆ చేతి వేళ్ళ మీద పడింది. మళ్ళీ వేళ్ళ మీదే. మళ్ళీ.

అమ్మ వచ్చిందన్నారు ఎవరో. అంతే, గల్లీ అంతా అదే మాట. డప్పులు ఇంకా గట్టిగా అందుకున్నాయి. ఆడవాళ్ళు కుర్రాడి కాళ్ళ మీద వేపాకు నీళ్ళు పోస్తున్నారు. మేనమామ మోకాళ్ళ మీద పడ్డాడు. అతను ఏదో అరుస్తున్నాడు, డప్పుల్లో వినిపించదు. దెబ్బ పడినప్పుడల్లా జనం దండం పెడుతున్నారు. ఒక మనిషిని నడివీధిలో చంపుతుంటే చుట్టూ నూరు మంది చేతులు జోడించి నిలబడ్డారు. మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. చాల్ గోడ దగ్గర చేతికి గుడ్డ కట్టుకున్న పాలమూరు మనిషి ఒక్కడే దండం పెట్టలేదు. పెట్టడానికి రెండో చేయి కలవదు.

పూనకం వచ్చినవాడి కళ్ళు చిన్నప్పటి నుంచి చూశాను. అవి ఎవరినీ పోల్చుకోవు. ఇతని కళ్ళు తుడిచిన అద్దంలా ఉన్నాయి. నేను జనాన్ని తోసుకుంటూ వస్తుంటే నన్ను చూశాయి, చూసి పక్కకు తిరిగాయి.

నేను వాళ్ళిద్దరి మధ్యకు పోయి చేయి చాపాను.

డప్పులు తడబడ్డాయి. కుర్రాడి నాయనమ్మ వెనక నుంచి, గుడి ఇంకా రాలేదు బిడ్డా, ఇక్కడ కాదు అంటోంది. మేనమామ నా చీర అంచు పట్టుకుని, నా కాళ్ళ వెనక రక్తం ఉమ్ముతున్నాడు.

“పక్కకు జరుగు బాయి,” అన్నాడు కుర్రాడు. నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

“కొట్టు. కొట్టి కింద పెట్టు.”

“వాడు మళ్ళ లేస్తడు.”

“లేవనీ. నీకు పోలీసు విచారణ ఉంది.”

నడివీధిలో, డప్పుల మధ్య, అలాంటి మాట అన్నానంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది. అతను కొట్టాడు. మెల్లగా కొట్టలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచి వచ్చింది. నేను చేయి వెనక్కి తీసుకోలేదు. అతను కొరడా చూశాడు, నన్ను చూశాడు. తర్వాత దాన్ని నీళ్ళలో పడేశాడు.

డప్పులు ఆగాయి. ఆడవాళ్ళు మేనమామ చుట్టూ మూగి, తేలిన వాతల మీద పసుపు అద్దసాగారు. ఏ జన్మలో పుణ్యమో, అమ్మ ఇంతసేపు ఎవరినీ తాకలేదన్నారు. ఒకామె దండ వేసింది. అతను వాళ్ళ చేతులు విదిలించుకుంటూ బూతులు తిడుతుంటే, పీడ నోటి వెంట పోతోందన్నారు.

మరునాడు పొద్దున్నే కానిస్టేబుల్ వచ్చాడు. మేనమామ ఫిర్యాదు ఇచ్చాడు. పాస్‌పోర్టు విచారణ కూడా ఆ స్టేషన్‌దే. కానిస్టేబుల్ గది గదికీ తిరిగి అడిగాడు. అందరూ మరాఠీలో ఒకటే చెప్పారు, దేవి వచ్చింది. చివరికి నా గదికి వచ్చి, మీరు చదువుకున్నవారు, కొట్టింది దేవతా, కుర్రాడా అని అడిగాడు. మేనమామ అతని వెనక మెట్ల మీద కూర్చున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

నేను చేతికి కట్టు విప్పి చూపించాను. నన్నూ కొట్టాడు, చేయి నేనే చాపాను, ఇతనూ తన చేయి తనే చాపాడు, ఎవరూ బలవంతాన చాపించలేదు అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. తర్వాత, ఈ చాల్‌లో బలవంతాన చాపించిన చేయి ఒకటి ఉంది, దాని గురించి రాసుకుంటానంటే అటక మీదికి తీసుకుపోతానన్నాను.

కానిస్టేబుల్ నిచ్చెన వైపు చూశాడు, ఎక్కాలని లేదు. మేనమామ లేచి నిలబడ్డాడు. తోటివాళ్ళ మధ్య జరిగింది, మేమే చూసుకుంటామన్నాడు. ఫిర్యాదు ఆ సాయంత్రమే వెనక్కి పోయింది. అటక మీది మనిషిని కూడా అప్పుడే ఏదో ఊరి బస్సు ఎక్కించారని మర్నాడు తెలిసింది.

అలా చూసుకున్నారు కూడా. రెండు రోజుల తర్వాత కుర్రాడిని నాగ్‌పాడా దగ్గర నలుగురు పట్టుకున్నారు. వెదురు కర్రలతో కొట్టారు. కనుబొమ్మ చీలి, ముందు పళ్ళు రెండు పోయి, గోడలు పట్టుకుంటూ నా గదికి వచ్చాడు. తిరిగి చేయి ఎత్తావా అని అడిగాను.

“జేబుల్లనే పెట్టుకున్న,” అన్నాడు. నోటి నిండా నెత్తురు. “ప్యాంటు చినిగింది గాని చేతులు తియ్యలే.”

పాస్‌పోర్టు వచ్చేదాకా అతను నా గదిలోనే ఉన్నాడు. నేను కుర్చీని గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. మేనమామ మనుషులు మెట్ల మీద బీడీలు కాల్చారు, సీసాలు పగలగొట్టారు, నా గుమ్మం మాత్రం దాటలేదు. ముకద్దం ఇల్లన్న భయం కొంత ఇంకా ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిన భయమో నాయనమ్మ చెప్పింది, మనవడికి అన్నం తెచ్చి కూర్చున్నప్పుడు. చివరి దెబ్బ మా ఇంటి గౌరవమని మా నాన్న చెప్పేవాడని నేనంటే ఆమె నవ్వింది.

“గౌరవమేంది బిడ్డా. ఏడాదంత మీ తాత మావోళ్ళను కొట్టేటోడు. పోచమ్మ పండుగ నాడు ఒక్క దెబ్బ మావోళ్ళు కొట్టేటోళ్ళు. ఒక్కటే అని ఒప్పందం. దాని తర్వాత మళ్ళ కొరడా కింద పెట్టాలె. అది ఒప్పుకున్నడు, అందుకే మీ తాతను ఇంకా తలుచుకుంటరు.”

మూలన కూర్చున్న కుర్రాడు పళ్ళు పోయిన చోట నాలుకతో తడుముకుంటూ నన్నే చూస్తున్నాడు.

వెళ్ళే రోజు సంచి సర్దుకుని, కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నాను. నిలబడి చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పమన్నాను.

“అమ్మ రాలే బాయి. నాకు తెలిసే కొట్టిన.”

తెలుసన్నాను.

“ఇంకోటి. ఆ పాలమూరోని వేళ్ళు చూపించి నన్ను ఇడిపించినవ్. వాడేడ ఉన్నడో నీకూ తెల్వదు, నాకూ తెల్వదు.”

అది చెప్పి దిగిపోయాడు. తల్లి కింద సంచి పట్టుకుని ఏడుస్తోంది. ఆమెకు నా బడి పింఛనులోంచి డబ్బు ఇస్తానని నేను చెప్పలేదు, పైన నా గదిలో వచ్చి ఉండమని మాత్రం చెప్పాను. ఉంటోంది.

శిక్షణ బడి నుంచి అతను ఫోన్ చేస్తాడు. తుప్పు గీకడం, రంగు వేయడం, తెగిన తాళ్ళు ముడి కనబడకుండా కలపడం నేర్పుతున్నారట. ఏ ఆదివారం చేసినా చివర్లో ఒకటే అడుగుతాడు. ఆ మనిషి వేళ్ళు అతికాయా అని.

మొదట్లో కనుక్కుంటానని చెప్పి ఊరుకున్నాను. తర్వాత పొద్దున్నే నాకా కూడలి దగ్గర పని కోసం నిలబడే పాలమూరు వాళ్ళను అడిగాను. తల అడ్డంగా ఊపారు. అటకల మీదివాళ్ళు మేనమామ గది వైపు చూసి నోరు మూసుకున్నారు. కొత్త ఆదివారం పిల్లలు వచ్చారు. ఈ వారం నీ చేతులు ఏం చేశాయని వాళ్ళను అడగలేదు. వాళ్ళను కూర్చోమని చెప్పి, నేను కిందికి దిగి మేనమామ తలుపు తట్టాను. ఆ ఇంటి గుమ్మం దగ్గరికి మా వాళ్ళెవరూ ఎప్పుడూ పోయి ఉండరు.

అతను తలుపు తీశాడు. ఒక చెవికి ఇంకా మచ్చ ఉంది. కుడిచేతి వేళ్ళు రెండు సరిగా ముడుచుకోవు. ఆ మనిషిది ఏ ఊరని అడిగాను.

“మీ తాత అడిగేటోడా అక్కా, ఎవనిది ఏ ఊరని?”

అడిగేవాడు కాదన్నాను.

అతను తలుపు వేయబోయి, నా చేయి గుమ్మం మీద ఉండడం చూసి ఆగాడు. ఆ చేతి మీద కొరడా వాత తెల్లగా కనబడుతుంది. నేను తీయలేదు. గోడకు ఆనుకోకుండా నిలబడ్డాను. ఊరి పేరు చెప్పేదాకా అక్కడి నుంచి కదలనని అతనికి తెలుసు.